చలిని ఓర్చిన ద్రాక్ష తీగ బెంగళూరు వానను ఓర్చుకుంటుందా? రెడ్ వైన్ రకాలపై చర్చ

మాధవరావు_యలహంక · 18 ఆగస్టు

సభ్యులందరికీ నమస్కారం. దొడ్డబళ్లాపుర దారిలో మాకు పన్నెండు గుంటల ఎర్రనేల, ఒక బోరుబావి ఉన్నాయి. యలహంక నుంచి అక్కడికి వారానికి రెండు రోజులు మాత్రమే వెళ్లగలను. ఉద్యోగ విరమణ తరువాత ఆ నేలలో రెడ్ వైన్‌కు పనికివచ్చే ద్రాక్ష వేయాలన్నది నా చిరకాల కోరిక. మా అబ్బాయి అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలో ఉంటాడు. వాళ్ల పక్కింటి పెరట్లో మార్క్వెట్ అనే నల్ల ద్రాక్ష తీగ ఉన్నదనీ, శీతకాలంలో ఉష్ణోగ్రత సున్నాకు 30 డిగ్రీల దిగువకు పడిపోయినా, ఎండుకట్టెలాగా కనిపించిన ఆ తీగ వసంతం రాగానే మళ్లీ చిగురిస్తున్నదనీ వాడు చెప్పాడు. ఆ రకాన్ని మిన్నెసోటా విశ్వవిద్యాలయం 2006లో విడుదల చేసింది. దాని వంశంలో ఫ్రాన్సు దేశపు పినో న్వార్ అనే వైన్ ద్రాక్ష కూడా ఉన్నది కనుక వైన్ రుచికీ లోటుండదని చదివాను.

అంతటి చలికే లొంగని తీగకు మన బెంగళూరు వాతావరణం ఏపాటిది అని నాకు తోస్తున్నది. డిసెంబరులో మా వాడు వచ్చేటప్పుడు నాలుగు కొమ్మ ముక్కలు తెమ్మని చెప్పాలని ఉన్నది. అంతకన్నా ముందు, ద్రాక్ష పెంచినవారి అభిప్రాయం తెలుసుకుందామని ఇక్కడ అడుగుతున్నాను.

సుభద్ర_హెబ్బాళ · 18 ఆగస్టు

మాధవరావు గారూ, మాది మదనపల్లె దగ్గర ఒక పల్లె. మా నాన్నగారు చాలా ఏళ్లు ద్రాక్ష పందిళ్లు నడిపారు. నేను వృక్షశాస్త్రం చదువుకుని ఇక్కడ పాఠాలు చెబుతున్నాను. మీ కోరిక మంచిదే కానీ, ఈ రకం విషయంలో దయచేసి తొందరపడకండి.

మార్క్వెట్ మొండిదన్న మాట నిజమే. అయితే ఆ మొండితనం చలికి ఎదురు నిలవడానికి వచ్చినది. దాని పూర్వీకులలో ఉత్తర అమెరికా నదీతీరాలలో పెరిగే రిపారియా అనే అడవి ద్రాక్ష ఉన్నది. మంచు పడకముందే పెరగడం ఆపివేసి, కొమ్మలను గట్టిపరచుకుని నిద్రకు సిద్ధం కావడం ఆ జాతి స్వభావం. చలికాలం వస్తున్నదని దానికి తెలియజేసేది ప్రధానంగా పగటి పొడవు. మిన్నెసోటాలో జూన్ నెల పగలు 15 గంటలు దాటుతుంది, ఆ తరువాత తగ్గుతూ వస్తుంది. తగ్గుతున్న పగటిని గ్రహించే ఆ తీగ నిద్రకు దిగుతుంది. మన బెంగళూరులో ఏడాది పొడవునా ఏ పగలూ 13 గంటలకు చేరదు. నట్టనడి వేసవిలో కూడా ఆ తీగకు శరత్కాలమే వచ్చినట్లుంటుంది. కొమ్మ సాగవలసిన వేళ సాగదు. ఒకవేళ నిద్రలోకి జారితే, ఆ నిద్రను తీర్చడానికి వారాల తరబడి కావలసిన చల్లదనం ఇక్కడ దొరకదు. మన డిసెంబరు, జనవరి రాత్రులు సాధారణంగా 15 డిగ్రీల దగ్గరే ఆగిపోతాయి.

మరొక ముఖ్య విషయం. 2003 నాటి మొక్కల దిగుమతి ఉత్తర్వు ప్రకారం దిగుమతి అనుమతిపత్రం, ఆ దేశం ఇచ్చే మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా కొమ్మ ముక్కలను పెట్టెలో పెట్టుకుని రాకూడదు. 1860లలో అమెరికా తీగలతో పాటు ఫిలాక్సెరా అనే వేరుపురుగు ఫ్రాన్సుకు చేరి, అక్కడి ద్రాక్షతోటలను చాలావరకు నాశనం చేసింది. వైరస్ తెగుళ్లు కూడా పైకి ఆరోగ్యంగా కనిపించే కొమ్మలలోనే ప్రయాణిస్తాయి. మీ పన్నెండు గుంటల చుట్టూ ద్రాక్షనే నమ్ముకున్న రైతులు ఉన్నారన్నది దయచేసి గుర్తుంచుకోండి.

నారాయణప్ప_దేవనహళ్లి · 19 ఆగస్టు

సుభద్రమ్మ గారు చెప్పినది అక్షరాలా నిజం. మా ఇంట్లో మూడు తరాలుగా తెలుగు మాట్లాడుతున్నాం, మూడు తరాలుగా ద్రాక్ష పండిస్తున్నాం. కనుక నాకు తెలిసినది చెబుతాను.

మీకు కావలసిన మొండి తీగ మీ దారి పక్కనే ఉన్నది సార్. మీరు యలహంక నుంచి దొడ్డబళ్లాపురకు వెళ్లే దారిలో రాతి కూసాల మీద పందిళ్లు చూసే ఉంటారు. వాటిలో చాలా వాటి మీద ఉన్నది బెంగళూరు బ్లూ. బెంగళూరు గ్రామీణ, చిక్కబళ్లాపుర, కోలారు జిల్లాలలో ఈ రకమే మా బతుకుతెరువు. 2013లో దీనికి భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. పుస్తకాలలో దీనినే ఇసబెల్లా అంటారు. అదీ అమెరికా సంతతే కానీ, వందేళ్లకు పైగా ఇక్కడ పెరిగి ఈ నేలకు అలవాటుపడింది.

దీని గుణం ఏమిటంటే, పందిరి ఎక్కిన తీగ ఏడాదికి రెండు పంటలు కూడా ఇవ్వగలదు. ఎండకాలంలో నీరు కొంత తగ్గినా ప్రాణం నిలుపుకుంటుంది. వానాకాలంలో ఇతర నల్ల రకాల లేతకొమ్మలను గుంటలు గుంటలుగా తినివేసే పక్షికన్ను తెగులును ఇది బాగా తట్టుకుంటుంది. సొంత వేరు మీదే పెరుగుతుంది కనుక అంటు ఖర్చు ఉండదు. అయితే బూజు తెగులుకు మాత్రం ఇది లోబడుతుంది. ఆ సంగతి దాచి ఈ రకాన్ని సిఫారసు చేయడం న్యాయం కాదు. సెప్టెంబరు, అక్టోబరు నెలలలో రాత్రివేళ ఆకు తడిగా ఉండి, గాలి 20 డిగ్రీల దగ్గర ఉంటే బూజు రాకుండా ఆపడం చాలా కష్టం.

మీరు నాటేలోపు ఒక పని చేయండి. బోరునీటిని పరీక్ష చేయించి, ఉప్పు ఎంత ఉన్నదో చూడండి. ఉప్పు ఎక్కువగా ఉంటే సొంత వేరు మీద ఆశ పెట్టుకోకుండా, ఉప్పును తట్టుకునే డాగ్‌రిడ్జ్ అనే రకం వేరు మీద అంటు కట్టిన మొక్కలు తీసుకోవడం మంచిది.

శ్రీధర్_కెంగేరి · 19 ఆగస్టు

పెద్దలు నారాయణప్ప గారి అనుభవం మీద నాకు గౌరవం ఉన్నది. అయినా మాధవరావు గారు అడిగినది రెడ్ వైన్ గురించి. బెంగళూరు బ్లూ వైన్‌ను మూత తీయగానే చాక్లెట్ల తయారీలో వాడే ద్రాక్ష ఎసెన్సు వాసన వస్తుంది. ఆ వాసన ఎంత నిల్వ ఉంచినా పోదు. ఫ్రాన్సు 1930లలో ఇసబెల్లాతో సహా ఆరు అమెరికా సంతతి రకాలను వైన్ కోసం సాగు చేయకూడదని నిషేధించింది. ఐరోపా సమాఖ్యలో నేటికీ దానితో చేసిన వైన్‌ను వైన్ పేరుతో అమ్మనివ్వరు. నంది కొండల దిగువన గ్రోవర్ సంస్థ 1988లో మొదలై, ఫ్రెంచి రకాలతోనే ఇన్నేళ్లుగా నిలబడింది. అదే నేల, అదే గాలి మాధవరావు గారికీ ఉన్నాయి కదా! కాబెర్నే సోవిన్యోన్, షిరాజ్ వంటివి వేసుకోక, రసం తీసే ద్రాక్షతో సరిపెట్టుకోవడం ఎందుకు?

పద్మజ_కిణ్వనం · 20 ఆగస్టు

నేను వైన్ తయారీలో కిణ్వన విభాగంలో పనిచేశాను. శ్రీధర్ గారు చెప్పిన వాసనకు కారణం మిథైల్ ఆంత్రానిలేట్ అనే పదార్థం. బెంగళూరు బ్లూ పూర్వీకులలో ఉన్న లాబ్రస్కా అనే అమెరికా జాతి ద్రాక్షలోనే అది ఎక్కువగా ఉంటుంది. ద్రాక్ష రుచి మిఠాయిలలోనూ దాన్నే వేస్తారు కనుక వారి పోలిక సరైనదే. కానీ వాసన కన్నా ముందు తేల్చుకోవలసిన సంగతి చక్కెర.

బెంగళూరు బ్లూ బాగా పండినప్పుడు 16 నుంచి 18 బ్రిక్స్ (రసంలో చక్కెర శాతాన్ని తెలిపే కొలత) వరకు ఉంటుంది. 17 బ్రిక్స్ రసం పూర్తిగా పులిస్తే సుమారు 9 శాతం ఆల్కహాల్ మాత్రమే వస్తుంది. నిలువ ఉండే రెడ్ వైన్‌కు 12 శాతం కావాలి. లీటరుకు 17 గ్రాముల చక్కెర ఒక శాతం ఆల్కహాల్‌గా మారుతుందని లెక్క వేస్తే, లీటరుకు దాదాపు 50 గ్రాములు కొరత పడుతుంది. మార్క్వెట్ తన చోట 25 బ్రిక్స్ దాకా పోగలదు. మాధవరావు గారి మనసు దాని మీదకు వెళ్లడంలో తప్పేమీ లేదు. బెంగళూరు బ్లూకు పులుపు కూడా ఎక్కువే. గోవాలో పోర్ట్ పేరుతో అమ్మే తీపి వైన్‌లలో దీన్ని విరివిగా వాడడానికి కారణం ఇదే, ఎందుకంటే తీపి ఆ పులుపును కప్పివేస్తుంది.

ఈ పండును వేళ్ల మధ్య నొక్కి చూడండి. తొక్క చేతిలో మిగిలి, గుజ్జు ఒక ముద్దగా జారి బయటకు వస్తుంది. రంగంతా తొక్కలోనే ఉంటుంది కనుక, రసాన్ని ఆ తొక్కలతో కలిపి పులియబెట్టినప్పుడే ఎరుపు దిగుతుంది. గింజలు నలిగితే మాత్రం వగరు వచ్చి వైన్ చెడిపోతుంది.

వాసన తగ్గి, తీగ మొండితనం కొంత మిగలాలంటే మధ్యేమార్గం ఒకటి ఉన్నది. హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ బెంగళూరు బ్లూను బ్లాక్ చంపాతో సంకరం చేసి అర్కా శ్యామ్‌ను తయారు చేసింది. దీనికి పక్షికన్ను తెగులును తట్టుకునే గుణం ఉన్నది. అమెరికా వాసన పలుచగా మాత్రమే వస్తుంది. దీన్ని వైన్‌కు పనికివచ్చే రకంగానే విడుదల చేశారు. బ్లాక్ చంపా, థామ్సన్ సీడ్‌లెస్‌ల సంకరమైన అర్కా నీలమణి కూడా అదే సంస్థది. నా సలహా కోరితే, నేను అర్కా శ్యామ్ వైపే మొగ్గుతాను.

నారాయణప్ప_దేవనహళ్లి · 20 ఆగస్టు

శ్రీధర్ గారి ప్రశ్నకు జవాబు చెప్పవలసి ఉన్నది. ఫ్రెంచి రకాలు ఇక్కడ పండవని నేను అనను. కళ్లముందే పండుతున్నాయి. అయితే ఆ తోటలలో రోజూ ఆకు తిరగేసి చూసే మనుషులు, వాన కురిసి వెలిసిన వెంటనే మందు కొట్టే యంత్రాలు, సలహాదారులు ఉంటారు. వారానికి రెండు రోజులు యలహంక నుంచి వచ్చి వెళ్లే పెద్దాయన ఆ పని ఎలా చేయగలరు? షిరాజ్ తోటకు అక్టోబరులో ఒక్క వారం వెళ్లలేకపోతే ఆ ఏడాది పంట గురించి ఆలోచించనవసరం లేదు. బెంగళూరు బ్లూ అయితే తప్పు సరిదిద్దుకునేందుకు కొంత వ్యవధి ఇస్తుంది. ఈ రకాన్ని నేను గౌరవించేది ఆ ఒక్క కారణానికే.

రాఘవ_మల్లేశ్వరం · 22 ఆగస్టు

నర్సరీ విషయంలో నాకు ఎదురైన అనుభవం చెబుతాను, మాధవరావు గారికి ఉపయోగపడవచ్చు. మూడేళ్ల క్రితం ఒక నర్సరీలో కాబెర్నే అని చెబితే, ఒక్కొక్కటి మంచి ధర పెట్టి ఇరవై మొక్కలు కొన్నాను. రెండేళ్లు కంటికి రెప్పలా సాకాను. తీరా కాయ రంగు తిరిగాక చూస్తే అది బెంగళూరు బ్లూ. నాకు బాధ కలిగించింది డబ్బు కాదు. రెండేళ్ల కాలం తిరిగి రాదు కదా అన్నదే నా బాధ. మొక్కగా ఉన్నప్పుడే గుర్తుపట్టే మార్గం ఏదైనా ఉన్నదా?

సుభద్ర_హెబ్బాళ · 22 ఆగస్టు

ఉన్నదండి, రాఘవ గారూ. రెండు చోట్ల చూడాలి. మొదటిది ఆకు అడుగుభాగం. లాబ్రస్కా సంతతి ఆకు కింద వేలితో రాస్తే దట్టమైన నూగు తగులుతుంది, ఉన్నిబట్ట మీద రాసినట్లుంటుంది. కాబెర్నే ఆకు కింద అంత మందమైన నూగు ఉండదు.

రెండవది నులితీగలు. ఎదుగుతున్న కొమ్మను పట్టుకుని కణుపు కణుపుకూ లెక్కపెట్టుకుంటూ పోండి. ఐరోపా ద్రాక్షలో రెండు కణుపులకు నులితీగ ఉండి, మూడవది ఖాళీగా ఉంటుంది. మళ్లీ రెండు, మళ్లీ ఒక ఖాళీ. లాబ్రస్కాలో ఖాళీ లేకుండా కణుపు కణుపుకూ నులితీగ వస్తుంది. సంకర రకాలలో ఈ వరుస కొంత చెదరవచ్చు. కానీ వరుసగా నాలుగైదు కణుపులకు నులితీగలు కనిపిస్తే అది కాబెర్నే కాదని మీరు అక్కడికక్కడే చెప్పవచ్చు. మా విద్యార్థులకు నేను నేర్పే మొదటి పాఠం ఇదే. నర్సరీలో కనీసం రెండు మూడడుగులు సాగిన కొమ్మ ఉన్న మొక్కను చూపమని అడగండి.

నిర్వాహకులు · 22 ఆగస్టు

చర్చ ఉపయోగకరంగా సాగుతున్నందుకు సంతోషం. ఒక్క మనవి. కర్ణాటకలో ద్రాక్ష పండించడానికి అనుమతి అవసరం లేదు కానీ, వైన్ తయారు చేయడానికి అబ్కారీ శాఖ లైసెన్సు ఉండాలి. 2007 నాటి రాష్ట్ర ద్రాక్ష ప్రాసెసింగ్, వైన్ విధానం కింద చిన్న తయారీదారులకూ మార్గం ఉన్నది. కనుక ఇంట్లో తయారు చేసే పద్ధతులను దశలవారీగా ఇక్కడ రాయవద్దని కోరుతున్నాం.

మాధవరావు_యలహంక · 25 ఆగస్టు

అందరికీ కృతజ్ఞతలు. మా అబ్బాయికి ఫోన్ చేసి కొమ్మలు తేవద్దని చెప్పాను. నీటి పరీక్షలో ఉప్పు తక్కువగానే ఉన్నదని తేలింది. నా నిర్ణయం ఇది: మూడింట రెండు వంతుల నేలలో బెంగళూరు బ్లూ, మిగిలిన దానిలో అర్కా శ్యామ్ వేస్తాను. పండును లైసెన్సు ఉన్న తయారీదారుకు ఇస్తాను, మిగిలినది రసానికి వాడుకుంటాం. వైన్ కోరిక తీరడానికి ఎన్నేళ్లు పడుతుందో చూడాలి.

నారాయణప్ప గారూ, ఎప్పుడు నాటాలి, కత్తిరింపులు ఎప్పుడు, బూజుకు ఏమి చేయాలి అన్నది దయచేసి కొంచెం వివరంగా చెప్పండి.

నారాయణప్ప_దేవనహళ్లి · 26 ఆగస్టు

వానలు వెనుకబట్టాక, నవంబరులో నాటండి. వరుసకూ వరుసకూ పదడుగులు, మొక్కకూ మొక్కకూ ఎనిమిది అడుగులు వదలండి. మీ నేలలో సుమారు నూట యాభై మొక్కలు పడతాయి. ఒక్కొక్క మొక్కకు ఒకే కాండాన్ని ఉంచి, పక్క కొమ్మలు గిల్లుతూ, కర్రకు కట్టుకుంటూ పందిరి దాకా ఎక్కించాలి. పందిరి మీరు చేయెత్తితే అందేటట్లుగా ఉండాలి. అంతకన్నా ఎత్తు పెడితే ప్రతి పనికీ నిచ్చెన కావలసి వస్తుంది.

మన దగ్గర తీగ తనంత తానుగా ఆకు రాల్చి నిద్రపోదు. కత్తిరింపుతోనే దానికి రుతువును మనం కల్పిస్తాం. పందిరి నిండాక ఏప్రిల్‌లో ఒకసారి పొట్టిగా కోసి కొత్త కొమ్మలు తెప్పిస్తాం. అక్టోబరు ఆఖరులో ఆ కొమ్మలను కాయకోసం మళ్లీ కోస్తాం. బెంగళూరు బ్లూకు నేను ఐదారు కణుపులు ఉంచుతాను, అంతకన్నా పొడవు అవసరం లేదు. కోసిన ఐదారు వారాలకు పూత వస్తుంది. తొందరపడి సెప్టెంబరులోనే కోస్తే ఆ పూత సరిగ్గా వానలో పడుతుంది. మా తోటలో ఒక ఏడాది మా తమ్ముడు ధర కోసం ముందుగా కోశాడు. పూతగుత్తులు తెల్లటి బూజు పట్టి, పట్టుకుంటే పొడిలాగా రాలిపోయాయి. ఆ సంక్రాంతికి మేము ఒక్క బుట్ట కూడా దించలేదు.

కోసిన తరువాత కొమ్మ చివరి కన్నులు మాత్రమే చిగురించి, కిందివి మూసుకుని ఉంటాయి. పెద్ద తోటలలో కన్నులన్నీ చిగురించేలా హైడ్రోజన్ సయనమైడ్ అనే రసాయనం పూస్తారు. మీరు దాని జోలికి పోవద్దు. అది ఒంటికి తగిలిన మనిషి ఆ దినాలలో కొద్దిగా మద్యం తీసుకున్నా ప్రమాదకరమైన స్థితి వస్తుంది. కూలివాళ్లకు ఆ సంగతి చెప్పేవాళ్లు తక్కువ. కత్తిరింపుకు వారం ముందు ఆకులను చేత్తో దూసివేసి, కోసిన కొమ్మను కాస్త వంచి కడితే మీ విస్తీర్ణానికి చాలు.

ఇక బూజుకు మా తాతల కాలం నుంచీ ఉన్న బోర్డో మిశ్రమమే ఆధారం. ఫ్రాన్సులో 1885లో వచ్చిన మందు ఇది, ఇప్పటికీ పనిచేస్తున్నది. ఒక శాతం మిశ్రమానికి నూరు లీటర్ల నీటికి ఒక కిలో మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్), ఒక కిలో సున్నం. తుత్తాన్ని ఒక ప్లాస్టిక్ డ్రమ్ములో, సున్నాన్ని వేరొక దానిలో కరిగించి, రెండింటినీ మూడవ డ్రమ్ములోకి కలుపుతూ పోయాలి. ఇనుప పాత్ర వాడకూడదు. కలిపాక మెరిసే చాకును అందులో కాసేపు ముంచి తీయండి. చాకు అంచుకు రాగి రంగు ఎర్రగా పట్టిందంటే తుత్తం ఇంకా మిగిలి ఉన్నదన్నమాట, ఆకులు మాడిపోతాయి. ఎరుపు కనిపించకుండా పోయేదాకా సున్నపు తేట పోస్తూ చూడాలి. కలిపిన మందును ఆనాడే వాడాలి. పూత విచ్చుకుని ఉన్నప్పుడు కొట్టవద్దు.

శ్రీధర్_కెంగేరి · 26 ఆగస్టు

చాకు పరీక్ష గురించి చదివాను కానీ ఇంత స్పష్టంగా ఎవరూ చెప్పలేదు. షిరాజ్ విషయంలో నా అభిప్రాయం అలాగే ఉన్నది. అయినా వారానికి రెండు రోజులు మాత్రమే రాగలిగేవారికి అది తగదని ఒప్పుకుంటున్నాను.

మాధవరావు_యలహంక · 14 సెప్టెంబరు (మరుసటి సంవత్సరం)

ఏడాది తరువాత మళ్లీ ఇదే చర్చలో రాస్తున్నాను. గత నవంబరులో నూట నలభై ఎనిమిది మొక్కలు నాటాను, తొమ్మిది చనిపోయాయి. మిగిలినవి దాదాపు అన్నీ పందిరి అందుకున్నాయి. అర్కా శ్యామ్ మొక్కలు కొంచెం నెమ్మదిగా సాగుతున్నాయి.

పోయిన వారం నాలుగు రోజుల ముసురు పట్టింది. శనివారం వెళ్లేసరికి బెంగళూరు బ్లూ వరుసలలో కొన్ని ఆకుల మీద నూనె చుక్క పడినట్లు పసుపుపచ్చని మచ్చలు కనిపించాయి. ఆకును వెలుగుకు పట్టి చూస్తే ఆ చోటు పారదర్శకంగా ఉన్నది, కింద మాత్రం ఏమీ లేదు. బూజో కాదో తేలక, సుభద్ర గారికి ఫోన్ చేస్తే, ఆకును తడి గుడ్డలో చుట్టి, మూత ఉన్న డబ్బాలో పెట్టి, రాత్రంతా చీకటిలో ఉంచమన్నారు. ఉదయం మూత తీసి చూస్తే, ఒక్కొక్క మచ్చ కింద చక్కెర పొడి చల్లినట్లు తెల్లని నూగు లేచి ఉన్నది. అదే రోజు మచ్చపడిన ఆకులన్నీ కోసి కాల్చివేసి, బోర్డో కలిపి, చాకుతో మూడుసార్లు చూసుకుని కొట్టాను. ఈ శనివారానికి కొత్త మచ్చలు లేవు.

ఒక సందేహం. మూడవ వరుసలో ఒక తీగకు రెండు చిన్న గుత్తులు వచ్చాయి. మా ఆవిడ రోజూ వాటి గురించే అడుగుతున్నది. ఉంచవచ్చా?

నారాయణప్ప_దేవనహళ్లి · 14 సెప్టెంబరు

ఉంచవద్దు సార్. ఈ ఏడాది ఆ బలం కాండానికీ, పందిరి మీది కొమ్మలకూ వెళ్లాలి. అక్కయ్య గారికి నా మాటగా చెప్పండి, వచ్చే ఏడాది నేనే వచ్చి మొదటి బుట్ట దించి వారి చేతిలో పెడతాను.

మాధవరావు_యలహంక · 15 సెప్టెంబరు

చెప్పాను. కోయబోయే ముందు ఒక్కసారి తనే చూస్తానన్నది. శనివారం ఇద్దరమూ వెళ్లి తీసివేస్తాం.